బాడీ బిల్డింగ్

ఆటోనగర్లో మా షెడ్డు మీద బోర్డు రాసింది నేనే:
లారీ బాడీ బిల్డింగ్, వెల్డింగ్, పెయింటింగ్.
పటమటలో మేడ మీద జిమ్ముకి రాసిందీ నేనే.
రెండింటికీ ఒకే డబ్బా ఎర్ర రంగు సరిపోయింది.

లారీ మా దగ్గరికి ఉత్త ఛాసీగా వస్తుంది.
తలకి తువ్వాలు చుట్టుకుని
ఎముకల మీద కూర్చుని నడుపుకొస్తాడు డ్రైవరు.
ఆ పైన మేం టేకు, రేకు, పూలు, నెమళ్లు.
నన్ను నేనూ అలాగే అనుకున్నా,
ఇరవై నాలుగేళ్ల ఛాసీ, పైన ఎంతైనా కట్టుకోవచ్చని.

భానోజీ అన్న మందు పేరు చెప్పలేదు.
"ప్రోటీన్ లాంటిదే" అన్నాడు.
వారానికి రెండు, తుంటికి.
చిక్కటి నూనె, సూదిలో కాసేపు ఆగి ఆగి దిగేది.
మూడేళ్లు.
జిల్లా పోటీల్లో మూడో స్థానం, ఒక ఇత్తడి కప్పు.
ఆ రోజు ఒంటికి పూసుకున్న గోధుమ రంగు
దుప్పటి మీద ఇంకా పోలేదు.

పెళ్లయ్యాక మానేశాను.
రిజ్వానా అడిగిందని కాదు, డబ్బుల్లేక.
నెల తిరక్కుండానే గాలి తీసిన ట్యూబునయ్యాను.
పొద్దున లేవబుద్ధి కాదు,
రాత్రి ఆమె వైపు తిరగబుద్ధి కాదు.
నెమలికి కన్ను దిద్దుతూ ఓసారి ఏడ్చేశాను.
థిన్నర్ ఘాటన్నాను.

పిల్లల్లేరని ముందు ఆమెనే తీసుకెళ్లాం.
రక్తం, స్కానింగు, గొట్టాల్లోకి మందెక్కించి తీసే ఎక్స్‌రే.
ఆమె లోపల మూలుగుతుంటే
నేను సూర్యారావుపేటలో బండి దగ్గర
ఉడకబెట్టిన గుడ్లు తింటున్నా, అలవాటు పోక.
తెల్లసొన నాకు, పచ్చసొన కుక్కకి.
ఆరు గుడ్లు.
నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

చివరికి డాక్టరమ్మే అంది, "మీ ఆయన్ని పంపు."

గడియ పడని గది. మూతున్న చిన్న డబ్బా.
గోడ మీద క్యాలెండర్లో ఎవరి బాబో నవ్వుతున్నాడు.
రిపోర్టులో అంకె లేదు.
నిల్.

"బయటి నుంచి రోజూ క్యారేజీ వస్తుంటే
ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు బాజీ?"
కళ్లజోడు పైకి తోసుకుంటూ అన్నాడు డాక్టరు.
"పొయ్యి కూలిపోలేదు. చిన్నదైంది, చల్లబడింది.
ఆరు నెలలో, ఏడాదో, రెండేళ్లో.
కొందరికి ఇంకా ఎక్కువ. మాట మాత్రం ఇవ్వలేను."
ఈలోగా ఇంకో ఇంజెక్షన్ వేయించుకుంటే? అన్నాను,
బుద్ధి ఎక్కడికి పోతుంది.
"మళ్లీ క్యారేజీయేగా" అన్నాడు.

చెప్పాను. రిజ్వానా చాలాసేపు మాట్లాడలేదు.
"ఆ ఎక్స్‌రే రోజు ఎంత నొప్పి పుట్టిందో తెలుసా" అంది.
అంతే అంది.
అమ్మకి నేనే చెప్పాను.
నూట నలభై కిలోల బార్ ఎత్తినప్పుడు కూడా
మోకాళ్లు అంత వణకలేదు.

మూడు నెలలకి నిల్.
ఆరు నెలలకి నిల్.
చొక్కాలు వదులయ్యాయి.
"ఏం బాజీ భాయ్, షుగరా?" అంటారు షెడ్డులో కుర్రాళ్లు.
అవునంటే సరిపోతుంది, అవుననే అంటాను.

పదకొండో నెలలో: ఇరవై లక్షలు.
చాలా తక్కువన్నాడు డాక్టరు. కోటిన్నర ఉండాలట, కనీసం.
బెంజి సర్కిల్ సిగ్నల్లో బండాపి పగలబడి నవ్వాను.
మా ఇంటావంటా ఎవరూ చూడని లెక్క,
ఇరవై లక్షలు,
నా దగ్గర,
తక్కువట!

రిజ్వానా ఆ కాగితం మడిచి
బట్టల క్లిప్పులేసుకునే ఇత్తడి కప్పులో పెట్టింది.
నవ్వలేదు. పారేయనూ లేదు.

రేపు తెల్లారి ఇంకో ఛాసీ వస్తోంది.
వెనక తలుపు మీద ఏం రాయాలో ఓనరింకా చెప్పలేదు.
రాత్రంతా గాలికి ఎదురు కూర్చుని
కళ్లెర్రగా దిగుతాడు డ్రైవరు.
ముందు అతనికి టీ ఇప్పించాలి.