రెండు గరంపానీ

ఆరున్నరకి నైట్ డ్యూటీ దిగి
అఫ్జల్‌గంజ్ మూలమీది ఇరానీ హోటల్లో కూచుంటాను.
ఫ్యామిలీ గది ఉంది, దానికో ఆకుపచ్చ పరదా ఉంది,
పరదా వెనక ఎప్పుడూ ఉల్లిగడ్డ బస్తాలే.
మొదటి రోజు జలీల్ అటే చూపించాడు.
రెండో రోజూ చూపించాడు.
మూడో రోజు నేను బస్సు డ్రైవర్ల మధ్య
పాలరాతి బల్ల దగ్గర కూలబడ్డాక
తడిగుడ్డతో నా ముందొకసారి తుడిచి వెళ్ళాడు.
అంతే, ఆ కుర్చీ నాదైంది.
అంటే, నేను లేస్తే ఎవరిదైనా అయ్యే కుర్చీ.

ఇక్కడ మోకాళ్ళు తగులుతాయి, ఎవరూ సారీ చెప్పరు.
ఒకాయన సాసర్లో పోసుకుని ఊదుకుంటే
ఆ ఆవిరి నా కళ్ళద్దాల మీదికొస్తుంది.
పేపరొకటే: సినిమా పేజీ కొత్తిమీర మనిషి చేతిలో,
చావుల పేజీ మడతపడి నా కప్పు కింద.
ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి
మూడు లెక్కపెట్టేలోపు తీయాలి.
నాలుగన్నావో, అడుగున బురద.

కాగితం లేదు, కలం లేదు, జలీల్ గొంతే బిల్లు.
నువ్వు లేచి గల్లా వైపు నడుస్తుంటే
వాడి కేక వెనకనించొచ్చి నిన్ను దాటేస్తుంది:
"నీలా షర్ట్, దో చాయ్, ఏక్ బన్ మస్కా!"
ఆగాసాబ్ తలెత్తకుండా చిల్లర తోస్తాడు.
పదకొండేళ్ళలో ఆ కేక తడబడగా నేను వినలేదు.

నిన్న ఎదురుగా ఒక కొత్తమనిషి,
చంకలో పచ్చమూత ఫ్లాస్కు.
"సగం ఉడికిన గుడ్లు రెండు, మీదికెల్లి మిరియాల పొడి."
జలీల్ ఆయన్ని కిందికీ పైకీ చూశాడు.
"ఆమ్లెట్ ఉంది. ఉడికిన గుడ్డు సాయంత్రం. అదీ గట్టిదే."

పేరు లింబాద్రి, మెట్‌పల్లి పక్క ఊరు.
మలేషియాలో, ఇపోలో, పందొమ్మిదేళ్ళు వైరింగ్ పని.
"ఆడ గూడ గిట్లనే అక్కా, గివే బల్లలు, గిదే లొల్లి.
చీనాయన, తమిళాయన, మలాయాయన ఒక్క బల్ల కాడ్నే.
కాఫీని కోపీ అంటరు, గింజలు వెన్నల ఏంచుతరు.
పొద్దుగాల అది కడుపుల పడకుంటే
నా చేతిల టెస్టర్ వణికేది."

జేబులోంచి ఒక పొట్లం తీశాడు, ఒక గుడ్డసంచి తీశాడు.
"రెండు గ్లాసుల గరంపానీ ఇయ్యి భాయ్, ఉత్తదే."
సమోవార్ దగ్గర మాస్టర్ మొహం మాడ్చుకున్నాడు,
అయినా పంపాడు.
నల్లగా, కొత్త రోడ్డు తారులా దిగింది.
ఒక గ్లాసు నా వైపు జరిపాడు.
మాడిన నువ్వులు. పొయ్యి బూడిద. చివరెక్కడో కాస్త బెల్లం.
నచ్చలేదు. మళ్ళీ తాగాను.

"తమ్ముడు దవాఖాన్ల ఉన్నడు,
పదింటి దాక లోపటికి రానిస్తలేరు."
ఫ్లాస్కుని అప్పుడు గుర్తుపట్టాను.
పద్నాలుగో బెడ్డు, కిటికీ పక్కది.
యూనిఫాం లేదు, మాస్కు లేదు, నన్నాయనెలా పోల్చుకుంటాడు!
"రాత్రి రెండుసార్లు జావ తాగాడు," అన్నాను.
"మూడింటికి ఇంజక్షన్ చేస్తుంటే,
మా అన్నని పిలవకండి సిస్టర్,
సూది చూస్తే పడిపోతాడు, అన్నాడు."
లింబాద్రి చాలాసేపు గ్లాసు అడుగుకేసి చూశాడు.
అక్కడ మడ్డి తప్ప ఏమీ లేదు.

లేచాం.
జలీల్ ఊపిరి పీల్చడం నాకు వినిపించింది.
"చష్మా మేడం, ఏక్ చాయ్, దో ఉస్మానియా!
ఫ్లాస్క్ వాలే భాయ్..."
ఆగింది.
"...దో గరంపానీ!"

ఆగాసాబ్ తలెత్తాడు.
నాణేల మీద వేళ్ళు ఆగాయి.
మా వెనక కండక్టర్ డ్యూటీ టైమని గొణిగాడు.
ఈ హోటల్లో వేణ్ణీళ్ళకి ధర లేదు,
ఇన్నేళ్ళలో ఎవరూ కొనలేదు.
"పానీ కైసా థా?" అనడిగాడు చివరికి.
"కడ్వా," అన్నాన్నేను, లింబాద్రి నోరు తెరిచేలోపు.
నా చాయ్‌కీ బిస్కెట్లకీ పోను
చిల్లర మొత్తం ముందుకి తోశాడు.

బయట నా బస్సు నా కళ్ళముందే కదిలిపోయింది.
పరిగెత్తలేదు.