లాకప్పు రాత్రులు

మాంటెవీడియో పెన్షన్ ఆఫీసులో
ఏడో కౌంటరు నాది.
ఆ పొద్దున నది మీంచి ముసురుగాలి
కిటికీ అద్దాలకి తుప్పురంగు తడి పూస్తోంది.

టోకెన్ నలభై రెండు. జుల్మా ఎచెవెర్రి.
చంకలో ఫ్లాస్కు, గుప్పిట్లో మాతే బుర్ర,
రెండో చేత్తో చెప్పుల అట్టపెట్టె.
"పని రుజువులు" అంటూ బల్ల మీద దించింది
చేపలమ్మి గంప దించినట్టు.

ఎక్కడ పనిచేశారు?
"రేవు వెనక వీధిలో."
యజమాని పేరు?
"గదికి ఉండేది యజమానురాలు. నాకు లేదు."

పెట్టెలో నీలిరంగు ఆరోగ్య పుస్తకాలు,
పదకొండు.
వారానికో ముద్ర.
కొన్ని సూటిగా, కొన్ని తలకిందులుగా,
డాక్టరు విసుగును బట్టి.
అది లేకుండా దొరికితే లాకప్పేనట ఆ రోజుల్లో.
అది ఉండి బస్సులో జేబులోంచి జారితే
పక్క సీటు ఖాళీ అయ్యేదట.
ఒకసారి పిల్ల బడిసంచిలోకి పొరపాటున...
అంతవరకు చెప్పి ఆపేసి
మాతే గొట్టం నోట పెట్టుకుంది.

వేలు తడుపుకుంటూ లెక్కపెట్టాను.
మెడకు కట్టిన పట్టా
ఇవాళ సర్వీసు పుస్తకం.
చట్టం మారిందని తెలుసు గానీ
ఇలా కాగితం వాసనతో తెలియడం
నాకిదే మొదలు.

నడుమ మూడేళ్లు ఖాళీ.
అప్పుడేం చేశారు?
"పిల్ల చంటిది. హోటల్లో గిన్నెలు తోమాను.
సోడా నీళ్లకు చేతులు పగిలి
దాన్ని ఎత్తుకుంటే గౌను దారాలు చర్మానికి పట్టుకునేవి."
రుజువు?
"మర్యాదైన పని కదమ్మా,
దానికెవరు ముద్ర వేస్తారు?"

వెనక ఫైళ్ల మధ్య ఒతెగీ
నవ్వబోయి దగ్గాడు.

ఆ మూడేళ్లూ కలపలేను. చెప్పాను.
ఇంకా ఎనిమిది నెలలు తక్కువ పడుతున్నాయనీ చెప్పాను.
ఆవిడ బతిమాలలేదు.
పెట్టె అడుగున గోళ్లతో గీకి
రబ్బరు బ్యాండు తెగిన కట్ట ఒకటి తీసింది.
పోలీసు స్టేషను రసీదులు.
పట్టుకున్న తేదీ, వదిలిన తేదీ,
జరిమానా ఇంత.
"ఇవి పనికొస్తాయా?"

లాకప్పులో గడిచిన రాత్రి
పనిదినమా, సెలవా?
సర్క్యులర్‌లో వెతికాను.
సిక్ లీవు ఉంది, వరదల సెలవు ఉంది,
ఇది లేదు.
పై ఆఫీసుకి నోటు రాస్తుంటే
వృత్తి అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగింది.
అద్దం మీదికి వంగి చూస్తోంది.
"కార్మికురాలు అన్నారు. బాగుంది.
ముందు మాట కూడా రాయండి.
సగం రాస్తే రేపు ఇంకెవరో
మిగతా సగం అడుగుతారు."

పూర్తిగా రాశాను.
గడి చాలక అక్షరాలు అంచు దాటాయి.

నాలుగు మంగళవారాలైంది. జవాబు లేదు.
వస్తుంది. టోకెన్ తీసుకోదు.
ఏమన్నారని అడగదు.
హీటరు పక్క బెంచీ మీద కూర్చుని
ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉంటుంది,
నేను నలభై మూడు, నలభై నాలుగు
అని పిలుస్తుంటే.