ఏడెనిమిదులు

మిర్యాలగూడల మా మిల్లు గేటు కాడ
లారీలను తూచే కాంటా ఉండేది.
లారీ లేనప్పుడు దాని ఎర్ర అంకె సున్న.
ఆ కార్తీకంల మాత్రం
దీపాలు పెట్టే యాళ్లకు
ఖాళీ కాంటా ఇరవై చూపెట్టబట్టింది.

ఇరవై కిలోల చీకటి.

"దయ్యం" అన్నడు వాచ్‌మెన్ సైదులు, దట్టీ తడుముకుంట.
"మిషను పోయింది" అన్నడు కాంటా జానిమియా,
డబ్బాకు రెండు దెబ్బలేసి.
టార్చి పట్టుకొని బయటికి పోతే మళ్ల సున్న.
నేల మీద తవుడు. తవుడు మీద ఒక అడుగు,
పిల్లిదానికంటె పెద్దది, నాదానికంటె చిన్నది.

నాకు తొమ్మిదేండ్లు. ఓనరు బిడ్డను.
కాంటా రూములకు ఎప్పుడన్న పోవచ్చు,
హమాలీల రేకుల షెడ్ల దిక్కు పోవద్దు.
అందుకే సగం మిల్లులనే పరిశోధన చేసిన.

నాలుగో రోజు గుమాస్తా వీరభద్రయ్య
రూము ఎనక గోడ మీద బొగ్గు గీతలు పట్టిండు.
నాలుగు నిలువు, మీదికెల్లి ఒకటి అడ్డం,
హమాలీలు బస్తాలకు పెట్టే లెక్క.
"ఎవడో మన బస్తాలు మాయం జేసి రాసుకుంటుండు."
మా హమాలీలంత బీహారోళ్లు.
నాయినకు ఇంకో సాక్ష్యం అక్కర పడలే.

బిందేశ్వర్‌ను కాంటా ముంగట నిలబెట్టిండ్రు.
చేతుల బస్తా కొక్కెం అట్లనే ఉన్నది.
"మాలిక్, మాలిక్" అంటుండు,
మిగిలిన మాటలు ఎవరూ ఇంటలేరు.

నేను గోడ కాడికి పోయిన. లెక్కపెట్టిన.
ఏడు. దాని కింద పద్నాలుగు.
ఇరవై ఒకటి. ఇరవై ఎనిమిది.
దొంగ బస్తాలు ఇట్ల ఏడేడు పెరుగుతయా ఎక్కడన్న?
ముప్పై ఐదు, నలభై రెండు, నలభై తొమ్మిది.
ఎనిమిదో వరుస కాడ నా వేలు ఆగింది.
యాభై నాలుగు.

చెవులు కాలినయ్.
రోజూ సందెకాడ కిటికీ పక్కన కూసొని
గట్టిగ చదువుతుంటి ఆ ఎక్కం.
ఏడెనిమిదులు యాభై నాలుగు.
సారు ఎర్రసిరతో ఎన్నిసార్లు దిద్దినా
నేను దిద్దుకోని లెక్క.
దొంగ ఎవలో గాని బస్తా ముట్టలే,
నా తప్పును ఎత్తుకపోయిండ్రు.

నాయినకు చెప్పిన. తప్పు నాదని సుత చెప్పిన,
అదే కష్టమైంది.
"అయితే ఎవలో చూపియ్యి" అన్నడు.
పొద్దుమీకే దాంక బిందేశ్వర్ నిలబడే ఉన్నడు.

దీపం ఆర్పి, కిటికీ కాడ మొదలుపెట్టిన.
ఇరవై ఎలిగింది.
ఏడేడులు నలభై తొమ్మిది.
ఏడెనిమిదులు... యాభై ఆరు.

"నై!" అన్నది బయట చీకటి.
"యాభై నాలుగు!"

సోన్మతి. బిందేశ్వర్ బిడ్డ.
జుట్టు నిండ తవుడు.
నాయిన ఆయన్ను పొమ్మన్నడు.
తప్పయిందని అంటడేమో అని చూసిన.
గేటు దాటిందాంక చూసిన.

జానిమియా ఇద్దర్ని కాంటా ఎక్కించిండు. యాభై.
ఆమె దిగింది. ముప్పై.
ఆమె ఎక్కింది, నేను దిగిన. ఇరవై.
నీ వయసెంత అంటే తొమ్మిది వేళ్లు చూపెట్టింది.
ఆ నడిమి పది కిలోలు ఎవలు తీసుకున్నరో
నేను మళ్ల పరిశోధన చెయ్యలే.

తెల్లారి గోడ మీద రెండు గీతలు ఆమే కలిపింది.
తర్వాత కిటికీ ఇవతల కూసున్నది.
సత్తుపిండిల ఉల్లిగడ్డ నంజుకునుడు నేర్పింది,
నేను ఒత్తులు నేర్పిన, ఇద్దరం కాంటా మీద ఎగిరితే
అంకెకు పిచ్చి లేసేది.

యాసంగి వడ్లు ఒడిసినంక వాళ్లు రైలెక్కిండ్రు.
గోడకు సున్నం ఏసిండ్రు.

ఇప్పటికీ ఎవలన్న ఏడెనిమిదులు అడిగితే
నా నాలుక ముందుగాల యాభై నాలుగే అంటది.
ఆ రెండు గీతలు
జర్ర ఆగి వస్తయ్.