సారాలో ఉడికిన సరుగుడు

ఇరవై ఆరేళ్లు మిల్లులో డైజెస్టరు కాసినవాణ్ణి.
గంధకం కంపు చొక్కాకే కాదు, పేరుకీ పట్టింది.
కుళ్లుగుడ్డు నూకరాజు ఇల్లెక్కడంటే
మా పేటలో చంటిపిల్లలు కూడా చెయ్యి చూపించేవాళ్లు.

రిటైరయ్యాక అమలాపురం పాలిటెక్నిక్ నుంచి
కొల్లాబత్తుల సువార్త మేడం కబురెట్టింది.
"ఆవిరి సంగతి మీకు తెలుసు,
వాల్వు దగ్గర నిలబడండి చాలు."

షెడ్డులో ఒక ఉక్కు కుండ,
మా మిల్లు కుండకి మనవరాలంత.
ఓడలరేవు ఇసకలో పెరిగిన సరుగుడు, గోటిమందం చెక్కలు,
చెరుకు మడ్డి నుంచి కాచిన ఆల్కహాలు సగం, నీళ్లు సగం.
సోడా లేదు. గంధకం ఊసే లేదు.
నా బీడీకట్ట మాత్రం గేటు బయట పెట్టి రావాలి.

నూట ఎనభై డిగ్రీలు.
ముల్లు వణికితే నా మోకాలు వణికింది.
మొదటిసారి దించితే చెక్కలు చెక్కల్లాగే ఉన్నాయి.
రెండోసారి కాగితం అప్పడంలా విరిగింది.
మేడం విసుక్కోలేదు, పుస్తకంలో రాసుకుంది.

మూడోసారి
కాలవలో ఆర్నెల్లు నానిన కొబ్బరి డొక్కలా
పీచు వేళ్లకే విడిపోయింది.
మిగిలిన ద్రవం చిక్కటి డికాషను.
అందులో ఆవిడ చెంబుడు నీళ్లు పోసింది.
వరదనీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపినట్టు
గోధుమరంగు పొడి మెల్లగా అడుక్కి దిగింది.
పైన తేరినదాన్ని కాచి, సారా పట్టి,
మళ్లీ కుండలోకే పోశాం.

"లిగ్నిన్ అంటే ఇదేనండి," అంది,
"చెట్టుని నిలబెట్టేది."

తొంభై ఆరు తుపానుకి
కొబ్బరిచెట్లు మొవ్వులు తెగి పడ్డ రాత్రి
మా బావమరిది సరుగుడుతోట నేలదాకా వంగి, లేచింది.
ఆ లేవడం ఇదన్నమాట.
దీన్నే నల్లనీళ్లని పిలిచి
ఇరవై ఆరేళ్లు బాయిలర్లో తగలేశాను.
ఒక్కరోజూ మొహం చూళ్లేదు.

సాయంత్రం మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.
చొక్కా అంచు పట్టుకుని వాసన చూసింది.
"కుళ్లుగుడ్డుకంటే అలవాటు పడ్డాను గానీ
ఈ వయసులో సారా ఏంటయ్యా!"

జేబులోంచి అరచేతంత కాగితం తీసిచ్చాను.
ఇంకా తెల్లబడలేదు. అంచులు పీచులు.
ఖర్చు గిట్టుబాటవుతుందో లేదో,
మిల్లుల దాకా వెళ్తుందో లేదో, మేడంకే తెలీదు.

దీపానికి ఎత్తిపట్టి చూసింది.
గూట్లోంచి పెన్ను తీసి
పాలమనిషి లెక్క రాసింది:
రెండు లీటర్లు తక్కువ.

సిరా పాకలేదు.