అక్టోబరు పదిహేను లోపల

సెప్టెంబరు నాలుగో వారం ఒక కాగితం వేస్తాం,
లేత పసుపు, రెండు వైపులా అచ్చు,
కాల్డర్ టౌన్‌షిప్‌లోని పన్నెండు వందల నలభై ఇళ్లకు.
రాసేది నేనే, గుమస్తాని, పంతొమ్మిదేళ్ల నుంచి.
చదివేది ఎందరో నన్నడక్కండి.
ఆకుల బండి రాలేదని ఫోను చేసేవాళ్లంతా
చదవనివాళ్లే.

ఆకులు రోడ్డు అంచున పోయండి,
కాలువ జాలీ మీద కాదు.
వాటిలో కొమ్మలు, కుళ్లిన గుమ్మడికాయలు,
చచ్చిన కోడి (నిరుడు జరిగింది) కలపకండి.
మొదటి విడత రైలు పట్టాలకు తూర్పున.
రెండో విడత మిగతా అంతా, మంచు పడకపోతే.
పడితే మీ అదృష్టం.

ఆ చివరి మాట సూపర్‌వైజర్ కొట్టేశాడు.
"మిషిగన్‌లో మంచు గురించి వెటకారమా, వెర్నా?" అన్నాడు.

మంచు తోసే బండి మీ ఉత్తరాల డబ్బాని పడగొడితే
మామూలు గుంజ, మామూలు డబ్బా మాత్రమే ఇస్తాం.
ఈ నియమం పుట్టింది ఆర్విడ్ లెహ్తినెన్ వల్ల.
ఆయన డబ్బా ఒక చేప, తనే చెక్కాడు,
తోక జానెడు రోడ్డు మీదికి వస్తుంది.
మా ఆయన లెస్టర్ ఆ బండి నడిపినన్నాళ్లూ
జనవరిలో తోక పోయేది,
మే నెలలో మళ్లీ మొలిచేది, ఇంకాస్త పొడుగ్గా.
తోక ముందా రోడ్డు ముందా అని
ఇద్దరూ పెట్రోలు బంకులో అరుచుకునేవాళ్లు.
ఇప్పుడు నడిపే కుర్రాడు పిల్లి అడుగులవాడు.
అయినా జనవరి దాటితే తోక కనపడదు.
ఆర్విడ్ ఫిర్యాదు రాయడు.
నేనూ అడగలేదు.

వెనక వైపు, అట్టడుగున, చోటు మిగిలితే
సమాధుల తోట సంగతి:
వేసవి అలంకరణలు అక్టోబరు పదిహేను లోపల తీసుకెళ్లవలెను.
మిగిలినవి పారవేయబడును.
పారవేయబడును. ఎవరు పారేస్తారో ఆ మాటలో ఉండదు.
బోర్డుకి అట్లాగే కావాలి, ముగ్గురు ఔనని, ఇద్దరు కాదని.

పారేయాల్సింది డెల్మర్.
గోతులు తవ్వేదీ, గడ్డి కోసేదీ,
నడుం పట్టేస్తే వరసగా అందరినీ తిట్టేదీ అతనే.

నిన్న ఉప్పు బస్తాలు లెక్కపెడదామని
గ్యారేజీ వెనక రేకుల కొట్టం తాళం తీశాను.
బస్తాల పక్కన నాలుగు అరలు.
గాలికి తిరిగే కాగితపు రంగులరాట్నాలు,
ఎండకు వెలిసిన ప్లాస్టిక్ లిల్లీలు,
ముందు చక్రం లేని బొమ్మ ట్రాక్టరు,
మూత తీయని బీరు డబ్బా,
ఒక కళ్లజోడు.
అన్నిటికీ పురికొసతో కట్టిన అట్టముక్క.
వరస తొమ్మిది, పదకొండో రాయి.
వరస రెండు, గోడ పక్క పసిపాప.

డెల్మర్‌ని అడిగాను. బూటు మట్టి పుల్లతో గీక్కుంటూ
"కొందరు ఏప్రిల్‌లో వస్తారు" అన్నాడు.
"రానివాళ్లవి?"
"ఉంటాయి."
"ఆ బీరు?"
"ఎవరిదో తెలుసు. ముట్టను."

వరస పద్నాలుగు లెస్టర్‌ది.
అక్కడ నేనేమీ పెట్టను,
నియమం రాసేదాన్ని, నేనే తప్పితే ఎట్లా.
ఏమీ ఉండదని తెలిసే
అరల చివరిదాకా వెతికాను.

నాలుగు చేప తోకలు.
చెక్కవి. ఒకటి నీలం, మూడు ఎరుపు.
ఆయన పోయి నాలుగేళ్లు.
బండి తగిలి విరిగితే పేళ్లు లేస్తాయి.
ఇవి వేలితో తడిమి చూశాను, నున్నగా ఉన్నాయి,
రంపం పెట్టి కోసినట్టు.

ఉన్నచోటే ఉంచి తాళం వేశాను.

కాగితం ఈ పొద్దున అచ్చుకు వెళ్లింది.
పారవేయబడును అనే ఉంది.
దాని కింద కుక్కల లైసెన్సు గడువు,
పాత టైర్లు తీసుకునే శనివారం.

ఉప్పు బస్తాలు లెక్కపెట్టనే లేదు.
రేపు మళ్లీ వెళ్లాలి.