రిమార్కుల గడి

పంటు దిగి లంకలోకి నడిచాను.
సంచిలో గెడ్డం మిషనంత యంత్రం, జెల్లు సీసా, పాత తుండు.
కమ్యూనిటీ హాల్లో రెండు బల్లలు కలిపి వేస్తే
ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు
నేతల ఏసుపాదం, రిటైరైన లస్కరు.
ముప్పయ్యొక్క ఏళ్లు లాకుల దగ్గర
నీటిమట్టం చదివి పుస్తకంలో రాసినవాడు.

"చల్లగా తగుల్తుందండి" అన్నాను.
"గోదారి కంటేనా" అన్నాడు.

పక్కటెముకల సందున ఆనించాను.
ఫోను తెర మీద బూడిదరంగు జల్లులో
గుండె మూసుకుని తెరుచుకుంది.
యంత్రం తనే గీత గీసుకుంది,
తనే లెక్క కట్టింది: యాభై రెండు శాతం.
పక్కన ఆకుపచ్చ చుక్క.

ఆకుపచ్చ అంటే ఇంటికెళ్లొచ్చని.
వెనకాల బెంచీ మీద ఇంకా పంతొమ్మిది మంది.
నాలుగున్నరకి ఆఖరి పంటు.

కానీ ఆ కాళ్లు!
చెప్పుపట్టీ అచ్చు చర్మంలోనే ఉండిపోయింది.
రాత్రుళ్లు కూర్చునే కునుకు తీస్తాడట,
"వరద డ్యూటీ అలవాటండి, ఆయ్."

మళ్లీ చూశాను. గుండె కొస తెరలో లేదు.
కొబ్బరికాయని ఏటవాలుగా కోస్తే
గుండ్రటి చిప్పే కనబడుతుంది, పొడవు దాక్కుంటుంది.

"గేజీ రాయి కూడా అంతేనండి" అన్నాడు గోడకేసి చూస్తూ.
"గట్టు మీంచి వంగితే ఓ లెక్క,
మెట్లు దిగి కన్ను నీటికి ఆనిస్తే ఓ లెక్క.
గాలి తోసిన రోజు అరడుగు ఎక్కువ.
ఏఈ గారికి ఎక్కువే నచ్చేది."

ఒక ఎముక కిందికి జరిపాను, మణికట్టు కాస్త వాల్చాను.
కొస దొరికింది.
అందరూ లాగుతుంటే తాడు ఊరికే పట్టుకున్నవాడిలా ఉంది.
ముప్పై ఏడు. నలభై నాలుగు. ముప్పై ఐదు.
ఒక దెబ్బ పెద్దది, రెండు పొట్టివి,
తడిసిన పడవ ఇంజను దగ్గుతున్నట్టు.

ఫారంలో అంకెకి ఒక్కటే గడి.

"గాలి రోజున ఏం రాసేవారు?"
"చదివిందే రాసేవాణ్ణి.
పక్కన రిమార్కుల్లో 'గాలి' అని."

పక్కగడిలో రాశాను:
మొదట కొస కనపడలేదు. లయ తప్పుతోంది. కాళ్లు వాపు.
రేపే అమలాపురం, పెద్ద మిషను, డాక్టరు చేత్తో గీయాలి.

రేవు దగ్గర సిగ్నలు అందగానే
ఫోను తనంతట తాను పైకి పంపేసింది
మొదటి అంకెనే, ఆకుపచ్చ చుక్కతో.

నేను కాగితం మడిచి ఆయన జేబులో పెట్టాను.
చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు.
పంటు కదిలేదాకా
రేవు గుంజ మీద తడిచార ఎక్కడుందో
వంగి, ఆయాసపడుతూ, చూస్తూనే ఉన్నాడు.