మూడు ఎడమలు

ఈ పరీక్ష జన్మకి ఒక్కసారే, సస్మితా.
పెళ్లికైనా రెండోసారి ఉంది గానీ
దీనికి లేదు.
తప్పితే ఇంకెప్పుడూ నీ చేతికి ఆ కర్ర ఇవ్వరు.
నాకు ఇచ్చినదాన్ని
మైసూరులో, పదిహేడేళ్ల కిందట,
పదకొండు నిమిషాల్లో పోగొట్టుకున్నాను.

చేతులు బాగానే ఉన్నాయి.
మోసం చేసినవి కాళ్లు.
దర్జీ ఇంట్లో పుట్టిన కాళ్లు కదా,
రెండూ కలిసి తొక్కుతాయి,
మడమా మునివేలూ, మడమా మునివేలూ,
జాకెట్టు చంక దగ్గర ఆగి, మళ్లీ.
అక్కడేమో ఒకటి ముందుకు పోతే
రెండోది వెనక్కి రావాలి.
నా చుక్క గడి దాటి ఎడంవైపు పోయింది,
ఆవులిస్తున్నట్టు, తాపీగా.
నేను చూస్తూనే ఉన్నాను.

అందుకే ఈ చెక్క.
పాత మంచం పట్టెకి నడిమధ్య బోల్టు దించి
రెండు చివర్లా నీ చెప్పులకి మేకులు కొట్టాను.
"అవి కొత్తవి కావేట్రా" అని మీ అమ్మ తిట్టింది.
గొడుగు కామకి టార్చిలైటు.
చెక్క నుంచి దానికి కుట్టుదారం కడితే తెగిపోయింది,
పురికొస కట్టాను.
ఎదురుగోడ మీద సుద్దముక్కతో గీసిన గడి.
చుక్క అందులో ఉండాలి, అంతే.
"అంతేనా మావా?" అన్నావు.
అంతే. నాకు చేతకానిది అదే.

పర్లాకిమిడిలో కరెంటు పోయినప్పుడల్లా
మనకి తరగతి.
మీ తమ్ముడు తాడు గుంజి చుక్కని చెదరగొడతాడు,
గాలీ వాడే, కుదుపూ వాడే,
నవ్వాపుకోలేనివాడూ వాడే.
బియ్యం డబ్బాల మూతల మీద ఆరు ముఖాలు గీశాను,
ముళ్లకి నా గుండుసూదులు.
ముల్లు తిప్పి చూపిస్తాను,
మూడు లెక్కపెట్టేలోగా చెప్పాలి నువ్వు,
ఎంత ఎత్తులో ఉన్నావో, ఎటు ఒరిగావో,
మహేంద్రగిరికి తగులుతావో దాటుతావో.
చిన్న ముల్లుని పెద్ద ముల్లనుకుని
నాలుగుసార్లు కొండని గుద్దావు.
ఐదోసారి పైనుంచి పోతూ
"కింద జీడితోటలు కనబడుతున్నాయి" అన్నావు.
మూత మీద తోటలు లేవు.
అయినా మార్కు వేశాను.

ఒక్కటే పట్టుబడ్డం లేదు.
ఎడమ! అని అరుస్తాను.
ఎడమ ఇంట్లో మాట.
బడిలో అది బాఁ.
పరీక్ష గదిలో లెఫ్ట్.
మూడు గుమ్మాలు దాటి మాట కాలిదాకా వచ్చేసరికి
చుక్క బయట.
పాతపట్నం దాకా నడిస్తే రాష్ట్రం మారిపోయే ఊరు మనది,
బస్సు బోర్డు ఒక భాషలో చదివి
టిక్కెట్టు ఇంకో భాషలో అడుగుతాం,
చిల్లర మాత్రం మనసులో లెక్కపెట్టుకుంటాం.

నిన్న అరవడం మానేశాను.
నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూర్చున్నాను,
జాకెట్టు కొలతకి వచ్చినవాళ్ల ముందు కూర్చున్నట్టే.
చుక్క ఒరిగింది, నీ కాలు వెళ్లింది.
చుక్క ఒరిగింది,
నీ కాలు అప్పటికే వెళ్లింది.
కాలికి ఏ భాషా రాదని
ఇద్దరికీ అప్పుడు తెలిసింది.
గడిలోకి బల్లి వచ్చి చుక్క మీదికి దూకింది.
తమ్ముడు పడీపడీ నవ్వాడు,
నువ్వు నవ్వలేదు, వెలుగుని కదలనివ్వలేదు.
బల్లి పలికితే సత్యమంటుంది అమ్మమ్మ.
అది పలకలేదు.
పురుగనుకుని వచ్చింది పాపం.

రేపు పొద్దున్నే గుణుపురం నుంచి వచ్చే బండి.
నీ చొక్కా గుండీలు రెండుసార్లు ముడేసి కుట్టాను,
జేబులో దేవుడి బొమ్మ పెట్టలేదు, మీ అమ్మ పెడుతుంది.
నెగ్గితే ఫోను చెయ్యి.
తప్పితే కూడా చెయ్యి, కాకపోతే ముందు నాకు,
మీ అమ్మకి తర్వాత.
ఆ రెండు ఫోన్ల మధ్య ఎంతసేపు ఆగాలో
నాకు తెలుసు.

అందరూ పడుకున్నారు.
నీ చెప్పుల్లో నా పాదాలు పట్టవు.
మునివేళ్లు మాత్రం పెట్టి
టార్చి వెలిగించాను.
గోడ మీద బల్లి
ఇటు తిరిగింది.